ఐదో నంబరు వచ్చేదాకా

మా చిన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున చిలకలగూడలో ఖాసీం తాత సైకిల్ షాపు ముందు ట్రాలీ వచ్చి ఆగింది... అదే, వెనక తొట్టి ఉండే చిన్న బండి. షాపు గది ఖాళీ చేయమన్నారట. తాత కూతురు అల్వాల్‌లో ఉండేది. పదకొండు అద్దె సైకిళ్ళూ ఎక్కించుకుని తాత అక్కడికే వెళ్ళిపోతున్నాడు.

నాకప్పుడు పదేళ్ళు. అల్వాల్ అంటే ఏ దేశమో అన్నట్టుండేది.

అసలు బాధ ఏంటంటే... నాకింకా సైకిల్ పూర్తిగా రాలేదు. ఐదో నంబరు అని ఒక ఎర్ర చిన్న సైకిల్ ఉండేది. దాని మీద తిన్నగా తొక్కడం వచ్చింది గానీ మలుపు తిరగడం రాలేదు. తాత ఒక కాలు ఈడ్చుకుంటూ నడిచేవాడు. అయినా వెనక సీటు పట్టుకుని నాతో పాటు పరిగెత్తేవాడు. ఇంకొక్క వారం ఉంటే వచ్చేసేది!

తాత దగ్గర ఒక పలక ఉండేది. ఎవరు ఏ సైకిల్ తీసుకెళ్తే ఆ నంబరు పక్కన సుద్దముక్కతో వాళ్ళ పేరు రాసేవాడు. తిరిగి తెచ్చాక అరచేత్తో తుడిచేవాడు. పలక మీద ఒక్క పేరు మిగిలినా షటర్ దించేవాడు కాదు. "పలక సాఫ్ అయినంకనే షాపు బంద్" అనేవాడు.

ఆ మాటే నా బుర్రలో నాటుకుపోయింది. నా పేరు తుడవకపోతే షాపు మూయడు... షాపు మూయకపోతే అల్వాల్ వెళ్ళడు. అంతే కదా!

"జెర సేపు అందరు తొక్కుకోండ్రి పిల్లలూ... అయినంక ఎక్కిస్త" అన్నాడు తాత ఆ రోజు. పలక నిండా మా పేర్లే. నేను ఐదో నంబరు తీసుకుని నేరుగా ఇంటికొచ్చాను. మేముండే వాటా మెట్ల కింద, నీళ్ళ డ్రమ్ము వెనక దాన్ని నిలబెట్టి పాత దుప్పటి కప్పేశాను. తర్వాత డాబా ఎక్కి పిట్టగోడ పక్కన కూర్చున్నాను. షాపు అక్కణ్ణించి బాగా కనిపించేది.

పిల్లలంతా ఒక్కొక్కరే సైకిళ్ళు తెచ్చి ఇచ్చేశారు. తాత వాటిని ఒకదాని తల వైపు ఇంకొకదాని తోక వచ్చేలా పేర్చాడు. హ్యాండిళ్ళు పక్కకి తిప్పాడు. పెడళ్ళు గీరుకోకుండా మధ్యలో గోనె సంచులు పెట్టాడు. చీల్చిన పాత ట్యూబులతో గట్టిగా కట్టాడు. పది సైకిళ్ళు ఎక్కాయి. తాత పలక చూశాడు, రోడ్డు చూశాడు, అలాగే నిలబడిపోయాడు.

ఎండెక్కింది. డ్రైవర్ విసుక్కున్నాడు. "చాచా, ఒక్క చిన్న సైకిలే గదా, పోతే పోనీ తియ్!"

"సైకిల్ సంగతి ఎవడడిగిండురా? ఆ పిల్లకు మలుపు తిరుగుడు రాదు. యాడన్న పడ్డదేమో..."

"మరి వాళ్ళింట్ల అడుగరాదు?"

"తల్లి పరేషాన్ అయితది. ముందుగాల నేనే సూసొస్త."

ఆ మాటలు డాబా మీదికి వినిపించాయి. తాత కాలీడ్చుకుంటూ సందు సందూ తిరుగుతున్నాడు. "పద్మా... ఓ బిడ్డా..." అని పిలుస్తున్నాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి మోరీలోకి, అదే మురిక్కాలవలోకి, వంగి చూస్తున్నాడు. ఛీ, నా అంత పాపిష్ఠిది ఉండదనిపించింది.

కిందికి పరిగెత్తాను. దుప్పటి లాగేసి, సైకిల్ నడిపించుకుంటూ వెళ్ళి తాత ముందు నిలబడ్డాను.

"చైన్ ఊడిపోయింది తాతా... ఎక్కించుకునేసరికి ఇంతసేపైంది" అన్నాను.

తాత ముందు నా మోకాళ్ళు చూశాడు. తర్వాత చైన్ చూశాడు. ఆ తర్వాత నా చేతులు చూశాడు. చైన్ ఎక్కించిన చేతులు నల్లగా ఉంటాయి... నావి అప్పుడే కడుక్కున్నట్టున్నాయి. దొరికిపోయానని తెలిసి ఏడుపు తన్నుకొచ్చింది.

తాత గొంతుక్కూర్చుని, చైన్ పొడుగునా చెయ్యి రాసి, ఆ నల్లటి మడ్డిని నా రెండు అరచేతులకీ పూశాడు.

"ఇంటికి వొయ్యి అమ్మకు గిదే చెప్పు బిడ్డా. చైన్ ఊడిందని. తిట్టది."

ఐదో నంబరును అన్నిటికన్నా పైన పెట్టి కట్టాడు. పలక మీద నా పేరు తుడిచి, పలకని చంకలో పెట్టుకుని డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు. ట్రాలీ వెళ్ళిపోయింది. నేను నల్లటి చేతులతో అక్కడే నిలబడి చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు నేనుండేది అల్వాల్‌లోనే. వచ్చిన కొత్తలో ఎంతమందినో అడిగాను... తాత షాపు ఎవరికీ తెలియదు.

పోయిన ఆదివారం మా అపార్టుమెంట్ సెల్లార్‌లో మూలపడ్డ పిల్లల సైకిళ్ళన్నీ ఒక హాస్టల్‌కి పంపేశాం. పికప్ బండి వాళ్ళు వాటిని ఒకదాని మీద ఒకటి విసిరేస్తుంటే ప్రాణం ఉసూరుమంది. "ఆగండి బాబూ" అని ఇంట్లోంచి పాత దుప్పట్లు తెచ్చి మధ్యలో నేనే సర్దాను. బండి వెళ్ళాక చూసుకుంటే రెండు చేతులూ నల్లగా ఉన్నాయి. కడుక్కోబుద్ధి కాలేదు.

ఇప్పుడు సైకిళ్ళకేం కొదవ లేదు. ఇంటికి రెండున్నాయి. ఎవరి పిల్లో ఇంకా రాలేదని బండి ఆపి, ఎండలో మోరీలు వెతికే మనిషే కనిపించడం లేదు... మీకు సైకిల్ నేర్పిన మనిషి ఎవరు? కింద కామెంట్లలో వాళ్ళ పేరు ఒక్కసారి రాయండి, చదువుకుంటాను.

తాతా... ఆ రోజు చైన్ ఊడలేదు. నీకు తెలుసని నాకూ తెలుసు. అయినా నా నోటితో చెప్పాల్సింది.