రత్నాలమ్మ అరుగు మీద చేట

తోటూరు వాళ్లు ఎండుచేపలు చూసి కొనరు. చూడడానికి ఇంట్లో ఉంటే కదా. జీడిపిక్కలు రాలే రోజుల్లో ఊరు ఊరంతా తెల్లారేసరికి తోటల్లో ఉంటుంది. వెళ్లేముందు అరుగు మీద ఒక చేటలో వడ్లు పోసి, పైన గుడ్డ కప్పి పోతారు. చేపలమ్మి వచ్చి ఆ వడ్లు తన సంచిలో పోసుకుంటుంది. వాటికి తగిన చేపలు చేటలో పెట్టి, మళ్లీ గుడ్డ కప్పి వెళ్లిపోతుంది. తీసుకున్నదెంత, పెట్టిందెంత అని అడిగేవాళ్లు ఉండరు.

ఈ మర్యాద అందరికీ దొరకదు. బళ్ల మీద వచ్చే వ్యాపారుల చేపను వాసన చూసి, విరిచి చూసి, గంటసేపు బేరమాడి చివరికి కొనకుండా పంపడంలో తోటూరు ఆడవాళ్లను మించినవాళ్లు ఉద్దానం ప్రాంతంలో లేరు. అరుగు మీద చేట పెట్టేది అప్పలనరసమ్మ ఒక్కదానికే. సముద్రం ఒడ్డు నుంచి గంపెత్తుకుని నడిచి వచ్చే ఆ ముసలమ్మ, ఎండ చాలక చేప సరిగా ఆరకపోతే ఆ వారం అసలు ఊళ్లోకే వచ్చేది కాదు. మంచి చేప పైన, తడి చేప అడుగున సర్దే విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు, ఆమె నేర్చుకోనూ లేదు.

ఇప్పుడు ఆమె మనవరాలు నాగమణి ఆటోలో వస్తోంది. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, గట్టి నవ్వు. ఆ నవ్వు ఒక్కరోజు మాత్రం పూర్తిగా ఎండిపోయింది. అప్పటికి ఆమెకు పదేళ్లు.

ఆ వేసవిలో తెప్ప తాడు తట్టుకుని అప్పలనరసమ్మ కాలు బెణికింది. మంచం మీంచి దిగలేదు. ఎండిన నెత్తళ్ల చేపలేమో గంపలో కూర్చుని ఎదురుచూస్తున్నాయి.

"నేనెల్తానే మామ్మా. దారి నాకు తెలీదేటి?" అంది నాగమణి.

"దారి తెలుసు గానీ మర్యాద తెలియాల. గుడ్డ కప్పిన సేటే ముట్టుకో. అనుమానమొత్తే ఇంట్లో పెద్దోల్లనడుగు. సేప ఒక గుప్పెడు ఎక్కువెయ్యి గానీ తక్కువెయ్యకు."

నాగమణి గంపెత్తుకుని రాణిలా బయల్దేరింది. తోటూరు వీధిలో ప్రతి అరుగు మీదా చేట ఉంది. ఒక్కో ఇంటి దగ్గర ఆగి, వడ్లు పోసుకుని, చేపలు పెట్టి, ఒక గుప్పెడు ఎక్కువే వేసి, ఎవరూ చూడడం లేదని తెలిసినా గుడ్డ అంచులు సర్ది మరీ కదిలింది.

వీధి చివర రత్నాలమ్మ ఇల్లు. ఆ అరుగు మీద చేట కొత్తది. అంచుకు పసుపు రాసి ఉంది, పైన కప్పింది ఉతికిన తెల్లగుడ్డ. ఎంత మర్యాదస్తులో అనుకుంది నాగమణి. అయినా మామ్మ మాట గుర్తొచ్చింది. పక్కనే గోడకు ఆనుకుని ముసలాయన గున్నయ్య కూర్చుని ఉన్నాడు. రత్నాలమ్మకు మామగారు.

"తాతా, ఈ వడ్లు తీసుకోమంటావా?"

గున్నయ్య తల నిదానంగా కిందికీ పైకీ ఊగింది.

పాపం పిల్లదానికేం తెలుసు, ఆయనకు చెవుడని, పైగా ఆ తల ఊపింది నిద్రేనని. పెద్దాయన సరేనన్నాడు కదా అని వడ్లు సంచిలో పోసుకుంది. కొత్త చేటకు తగ్గట్టు లావాటి నెత్తళ్లు ఏరి మరీ పేర్చింది. తెల్లగుడ్డ కప్పి, ఊరి చివర జీడిచెట్టు నీడలో కూర్చుని రాగుల చోడంబలి తాగుతూ తన తెలివికి తానే మురిసిపోయింది.

అదే సమయానికి రత్నాలమ్మ ఇంటివాళ్లు అమ్మవారి గుడి నుంచి తిరిగొస్తున్నారు. కూతురు హేమలత పెళ్లి. ఆ వడ్లు తలంబ్రాల బియ్యానికి ముహూర్తం చూసి దంచవలసినవి. పెళ్లికొడుకు తరఫువాళ్లు తమ ఇంటి ఆచారమని పసుపుదారం కట్టిన బంగారు ఉంగరం ఒకటి ఆ వడ్లలో దాచారు. గుడికి వెళ్తూ గున్నయ్యను కాపలా కూర్చోబెట్టారు. ఆయన కాపలా ఎలా కాశాడో చూశాం కదా.

రత్నాలమ్మ గుడ్డ తీసింది. తలంబ్రాల వడ్ల చోట ఎండు నెత్తళ్లు వరసగా పడుకుని ఉన్నాయి.

నాగమణి అంబలి ముగించేలోపే జనం వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందరికంటే ముందు పెళ్లికొడుకు మేనమామ మన్మథరావు, టెక్కలి నుంచి వచ్చిన ఇస్త్రీ చొక్కా మనిషి. "అడిగేదేటి? సంచి ఇక్కడే గుమ్మరించండి. ఉంగరం అదే పడతాది" అన్నాడు.

ఉంగరం మాట వినగానే నాగమణి అంబలి వదిలేసి లేచి నిలబడింది. రత్నాలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఆగండి అన్నయ్యగారూ. నడివీధిలో అప్పలనరసమ్మ సంచి గుమ్మరిత్తే రేపు ఆ ముసల్ది ఈ ఊల్లోకి ఏ మొకంతో వత్తాది?" అని పిల్ల వైపు తిరిగింది. "ఒలే గుంటా, నువ్వు తీసిన వడ్లు పెల్లివి. అందులో ఉంగరముంది. సూసినావా?"

"నేదమ్మా. తాతనడిగే తీసినాను. ఒట్టు."

"నేదంటే నేదే. పద, ఇంటికెల్లి అందరం కలిసి వడ్లు సెరుగుదాం. పెల్లింట్లో ఎలాగూ సెరగాల కదా."

దాంతో అది సోదా కాకుండా పెళ్లిపనైపోయింది. వాకిట్లో చాప పరిచి, అప్పుడే తోటల నుంచి తిరిగొచ్చిన చుట్టుపక్కల ఆడవాళ్లు చేటలు తెచ్చుకుని కూర్చున్నారు. నాగమణి చేతికీ ఒక చేట ఇచ్చారు. ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే చెరిగారు గానీ, ప్రతి చేట చప్పుడుకీ నాగమణి తలెత్తి చూసింది. ఉంగరం దొరికితే దొంగనంటారా, దొరక్కపోతే దొంగనంటారా? ఆ పసిదానికి ఏది మేలో తెలియలేదు. తన సంగతి ఎలా పోయినా, వచ్చే వారం మామ్మకు ఈ వీధిలో చేటలుండవేమో అన్నదే ఆమె భయం.

సంచి ఖాళీ అయింది. ఉంగరం లేదు.

మన్మథరావు రత్నాలమ్మ వైపు తిరిగాడు. "ఇప్పుడేటంటావమ్మా?"

"ఇందాకన్నదే అంటాను" అంది రత్నాలమ్మ. ముఖం మాత్రం పాలిపోయి ఉంది. "ఇన్నేల్లలో మాకు తెలీకుండా ఆ ఇంటోల్లు మా అరుగు మీద గింజ ముట్టుకోలేదు. ఈ గుంట తీయనేదు. ఉంగరం పోతే నా సెవుల బంగారం కరిగించి సేయిత్తాను."

నాగమణి అప్పటిదాకా ఏడవలేదు. ఆ మాటకు భోరుమంది.

సరిగ్గా అప్పుడు గున్నయ్య అరుగు మీంచి కేకేశాడు. నిద్ర లేచేసరికి పక్కనే నెత్తళ్లు కనబడితే, ఈ గొడవేమీ వినబడని ఆ మహానుభావుడు కూరకని తలలు గిల్లుతూ కూర్చున్నాడు.

"ఒలే కోడలా, సేపలు బాగున్నాయి గానీ ఈ సేట మూలన దారమేటే? గోరుకి సుట్టుకుంటంది."

దారం లాగాడు. దాని కొసన ఉంగరం ఊగింది. వడ్లు ఒంపినప్పుడు పసుపుదారం చేట మూల ఈనెలో చిక్కుకుని, ఉంగరం చేపల కింద హాయిగా ఉండిపోయింది.

ముందు నవ్వింది హేమలత. ఆ తర్వాత వాకిలంతా నవ్వే. ఉంగరానికి అంటిన చేపవాసన చూసి మన్మథరావు కూడా నవ్వక తప్పలేదు. నాగమణి తల మీద చెయ్యి వేసి, "తప్పుగా అనీసినానమ్మా" అన్నాడు. రత్నాలమ్మ పిల్లదాని వడ్లు రాయీ రప్పా లేకుండా శుభ్రంగా సంచిలో పోసి, పైన బెల్లం ముక్క పెట్టి పంపింది.

ఇంటికొచ్చి నాగమణి జరిగిందంతా చెప్పింది. అప్పలనరసమ్మ తిట్టలేదు. "రత్నాలమ్మ ఏటన్నాది? మల్లీ సెప్పు" అని అడిగింది.

"నేదంటే నేదే అన్నాది."

ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత, "తాతలు తలూపితే సాలదే, నోటితో అనేదాకా ఆగాల" అంది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

తర్వాతి వారం వీధి మలుపు తిరిగేటప్పుడు నాగమణి కళ్లు మూసుకుంది. తెరిచి చూస్తే అన్ని అరుగుల మీదా చేటలున్నాయి. ఆ క్షణంలో కలిగిన సంతోషం తన పెళ్లినాడు కూడా కలగలేదని ఆమె ఇప్పటికీ భర్త ముందే చెబుతుంది.

మొన్న వైశాఖంలో హేమలత కూతురు అశ్వినికి పెళ్లి కుదిరి, అమ్మమ్మ ఇంట్లోనే పెళ్లిపనులు మొదలయ్యాయి. కొత్త చేట, పసుపు అంచు, వడ్లలో అదే ఉంగరం. అందరూ అమ్మవారి గుడికి బయల్దేరారు. అరుగు మీద చేట పక్కన కాపలాకు నాగమణిని కూర్చోబెట్టారు.

కొత్త వియ్యపురాలు వెనక్కి తిరిగి చూసి, "ఎవరా మనిషి? మీ చుట్టమా?" అని అడిగింది.

పండుముసలి రత్నాలమ్మ కర్ర ఊతంగా నడుస్తూనే జవాబిచ్చింది.

"అప్పలనరసమ్మ మనవరాలు. పదండి, ముహూర్తం దాటిపోతంది."