పాపికొండలకు నీళ్ళ బిందెతో

మాది తణుకు దగ్గర పల్లెటూరు. మావారి పోర్టు ఉద్యోగం మూలాన పెళ్ళయినప్పటి నుంచీ విశాఖపట్నంలోనే ఉంటున్నాం. "గోదావరి దానివై ఉండి పాపికొండలు చూళ్ళేదా!" అని క్వార్టర్సులో ఆడవాళ్ళు దెప్పినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఈ వేసవిలో వెళ్ళి తీరాల్సిందే అనుకున్నాను. తీరా చూస్తే ఓడలు వరసగా వచ్చిపడ్డాయని మావారికి సెలవు ఇవ్వలేదు. తోడు లేకుండా పంపేది లేదని ఆయన భీష్మించుకు కూర్చున్నారు.

ఆ మాట మా పెరట్లో చేపలు తోముతున్న నూకాలమ్మ చెవిన పడింది. మా ఇంటికి ఏళ్ళ తరబడి చేపలు తెచ్చేది ఆవిడే. యాభై దాటిన మనిషి. భర్త ఎల్లాజీ తెప్ప మీద వేటకు వెళ్ళేవాడు. చూపు మందగించి మానేశాడు. ఇప్పుడు కొడుకు ఫిషింగ్ హార్బర్లో మరబోటు మీద వెళ్తున్నాడు.

"తోడు నానొత్తానమ్మా. నాకో పాలి పడవెక్కాలనుంది," అంది.

"సముద్రం మీద బతికేవాళ్ళు, నువ్వు పడవెక్కకపోవడం ఏమిటే?"

"ఓలమ్మ! మా ఆడోలు యాటకెల్లే పడవ ఎక్కకూడదు, తప్పు. గోదారికి ఆ తప్పు నేదు గదా."

అప్పుడు బయటపెట్టింది అసలు సంగతి. పెళ్ళయిన కొత్తలో ఎల్లాజీ వేట నుంచి వచ్చే వేళకి ఒడ్డున నిలబడేదట. చుట్టూ మరో ఇరవై మంది ఆడవాళ్ళు. తెప్ప దిగుతూనే అతను, "అల్లంత దూరాన్నుంచే కనపడ్డావే," అనేవాడట. "ఇంతమందిలో నానేనని ఎలా తెలుస్తాదిరా అంటే, తెలుస్తాది అనీవోడు. ముప్పై ఏల్లూ అదే మాట. నీటి మీంచి సూస్తే ఒడ్డునున్నోలు అలా ఆనవాలు తెలుస్తారేటి? అది సూడాలమ్మా," అంది. నాకు ముచ్చటేసింది. మావారు ఒప్పుకున్నారు.

వాల్తేరు స్టేషనులో పొద్దున్నే పాసింజరు ఎక్కాం. నా చేతిలో సంచీ, నూకాలమ్మ చంకలో నిండు బిందె, మూతికి గుడ్డ కట్టి. ఎల్లాజీ స్టేషను దాకా మోసుకొచ్చి ఇచ్చాడు.

"గోదావరికి వెళ్తూ నీళ్ళెందుకే? అవి మంచినీళ్ళేనే!"

"తెలుసునమ్మా. అయినా పడవంటే మంచినీల్లుండాల," అంది. మళ్ళీ మాట్లాడనిస్తేనా?

నా వెటకారం ఎలమంచిలి దాకా కూడా సాగలేదు. ఎండ పెట్టెలోకి కొట్టేస్తోంది, స్టేషను కుళాయిల్లో చుక్క లేదు. స్టీలు ప్లాంటు కట్టుబడి పనుల నుంచి ఇళ్ళకెళ్తున్న కూలీలిద్దరు మా ఎదర కూర్చున్నారు. "బావా, అమ్మ నీల్లిత్తంది, రా!" అని ఒకడు రెండోవాణ్ణి లేపాడు. తుని వచ్చేసరికి మా పెట్టె పెట్టంతా నూకాలమ్మని 'అమ్మా' అంటోంది. నేనూ రెండు గ్లాసులు తాగాను, సిగ్గుపడకుండా.

మధ్యాహ్నానికి రాజమండ్రి. మా పిన్ని ఇంట్లో దిగాం. మీకక్కడ పిన్నులెవరూ లేకపోతే స్టేషను దగ్గర సత్రాలున్నాయి, గది ముందే మాట్లాడుకోండి. మర్నాడు మొదటి బస్సుకి కొత్త వంతెన దాటి పోలవరం చేరాం. ఎండాకాలం నీరు తక్కువ కనుక మా లాంచీ అక్కడి నుంచే బయల్దేరుతుందన్నారు. భోజనం టిక్కెట్టులోనే కలిసి ఉంటుంది.

ఒడ్డు నుంచి లాంచీకి ఒక బల్ల వేశారు. అందరూ ఎక్కేశారు. నూకాలమ్మ మాత్రం బల్ల దగ్గర ఆగిపోయింది. వంగి దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకుంది గానీ కాలు ముందుకు పడలేదు. లాంచీ నడిపే సరంగు పైనుంచి చూసి, "అయ్యబాబోయ్! గోదాట్లోకి నీళ్ళు మోసుకొస్తున్నారేంటండీ మామ్మగారూ?" అన్నాడు. లాంచీ అంతా గొల్లుమంది. నూకాలమ్మకీ నవ్వాగలేదు. ఆ నవ్వులోనే బల్ల దాటేసింది.

ఎనిమిదింటికి కదిలాం. మొదట గోదావరి బాగా వెడల్పు, రెండు పక్కలా ఇసుక తిన్నెలు. ఒకతను వెదురు గెడతో లోతు చూస్తూ కేకేస్తుంటే సరంగు లాంచీని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఒక తిన్నె దగ్గర ఆపితే అందరం దిగి మోకాల్లోతు నీళ్ళలో పడ్డాం. పెద్దాచిన్నా లేదు, ఒకటే కేరింతలు. అక్కడే తాటిముంజలు అమ్ముతున్నారు. చల్లటి ముంజ నోట్లో, చల్లటి నీళ్ళు కాళ్ళ కింద. విశాఖపట్నంలో అరగంట వచ్చే కుళాయికి క్యూ కట్టే నాకు ఆ నీళ్ళని చూస్తే ఏడుపొచ్చినంత పనయింది.

అక్కణ్ణుంచి కొండలు దగ్గరికొచ్చాయి. వేసవి కదా, చెట్లు చాలామటుకు ఆకు రాల్చాయి, వెదుళ్ళు పచ్చబడి ఉన్నాయి. ఎదర ఇక దారి లేదనుకుంటాం, దగ్గరికెళ్ళేసరికి నది పక్కకి తిరుగుతుంది. నీడలో నీళ్ళు నల్లగా, చలివేసేలా ఉన్నాయి. అందరూ కొండలు చూస్తున్నారు, నూకాలమ్మ మాత్రం ఒడ్డునే చూస్తోంది. గోదావరి చేపల కూరతో భోజనం పెట్టారు. ఎలా ఉందని అడిగితే, "బాగుందమ్మా. ఉప్పు పుట్టుకతో రానేదు, అంతే," అని తేల్చేసింది.

పేరంటాలపల్లిలో దిగాం. గుడి పక్కన కొండ మీంచి సెలయేరు పడుతోంది. నూకాలమ్మ మా విశాఖపట్నం నీళ్ళని ఒలకబొయ్యకుండా నలుగురికీ తాగించి, బిందెలో ఏటి నీళ్ళు పట్టింది. "మా ముసిలోడికి," అంది. లాంచీ బియ్యం బస్తాలు దింపడానికి పై ఊరికెళ్ళి గంటలో వస్తుందన్నారు. నూకాలమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"మీరీ ఒడ్డునే అందరితో నిలబడండమ్మా. సెయ్యూపొద్దు. నాను బోటు మీంచి సూత్తాను."

అలాగే నిలబడ్డాను, పదిమంది ఆడవాళ్ళ మధ్య. లాంచీ చిన్నదైపోయి మలుపు తిరిగింది.

తిరిగొచ్చిన నూకాలమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కనపడనేదమ్మా. ఏరు మలుపు దాకా ఎల్లనేదు, అప్పుడే అందరూ ఒక్కలాగే ఉన్నారు. మీరెవరో తెలవనేదు." ఒడ్డున కూలబడి, "ముప్పై ఏల్లు అబద్ధమే సెప్పినాడమ్మా నాకు," అంది.

"అతని చూపు అప్పట్లో బాగుండేదేమోనే!"

"నా సూపుకేటొచ్చింది? జొరమొచ్చినా ఎల్లి నిలబడ్డాను. కడుపుతో ఉండి నిలబడ్డాను. ఆడు ఎతుక్కుంటాడేమోనని. ఎర్రిదాన్ని సేసినాడు." బిందె వంచేయబోయింది, "ఆడికి నీల్లేటి!" అంటూ. నేను గబుక్కున పట్టుకున్నాను. ఈవిడ్ని ఎందుకు తీసుకొచ్చానురా భగవంతుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో పాపికొండలు ఎర్రటి సాయంకాలపు ఎండలో ఇంకా అందంగా ఉన్నాయి. నాకు మాత్రం ఏమీ రుచించలేదు. నూకాలమ్మ పోలవరం దాకా అటు తిరిగే కూర్చుంది. రాత్రి పిన్ని ఎంత బతిమాలినా రెండు ముద్దలు తిని లేచింది.

మర్నాడు పాసింజరు కిక్కిరిసి ఉంది. నూకాలమ్మ బిందె ఒళ్ళో పెట్టుకుని తలుపు పక్కనే కూర్చుంది. ఇంటికెళ్ళాక ఈవిడ ఆ ముసలాయన్ని ఏమంటుందోనని నా గుండెల్లో రాయి. మీరు పాపికొండలకు వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి. మూడ్రోజుల్లో వెళ్ళి రావచ్చు, ఆ నీళ్ళూ ఆ నీడలూ మా ఎండల ఊరివాళ్ళకి మందులాంటివి. నా ప్రయాణంలో మాత్రం కొండలు సగమే చూశాను, మిగతా సగం ఆవిడ మొహమే చూశాను.

పొద్దు వాలేవేళకి బండి వాల్తేరులోకి వస్తోంది. ప్లాటుఫారం కొస ఇంకా చాలా దూరం. అక్కడ జనం తలలు తప్ప నాకేమీ తెలియడం లేదు.

"అదిగో మా ముసిలోడు," అంది నూకాలమ్మ, లేచి నిలబడి.

"ఎక్కడే?"

"అదిగోనమ్మా, స్తంభం ఇవతల."

కళ్ళు చికిలించి చూశాను. ఒక్క మొహమైనా ఆనితేగా! "అంత దూరాన్నుంచి మొహం ఎలా కనిపించిందే నీకు?"

"మొకమేటమ్మా! ఆడు నిలబడ్డం నాకు తెల్దేటి?"

అనేసి, నోటి మీద చెయ్యేసుకుంది. నావైపు చూసింది. కళ్ళనిండా నీళ్ళు, ఆ నీళ్ళలోనే నవ్వు. "ఓలమ్మో," అంది.

బండి ఆగింది. ఎల్లాజీ పెట్టె పెట్టెకీ తొంగిచూస్తూ వెతుక్కుంటున్నాడు. మేం ఎదురుగా వెళ్ళి నిలబడేదాకా పాపం పోల్చుకోలేకపోయాడు.

"ఏటే, పడవెక్కినావా?"

"ఎక్కినాను."

"నీటి మీంచి ఒడ్డు ఎలాగుంది మరి?"

నూకాలమ్మ బిందె మూతి గుడ్డ విప్పి, అతని చేతులు పట్టుకుని బిందె మీద పెట్టింది.

"నువ్వు సెప్పినట్టే ఉంది. ఇదిగో, తాగు."