ఈమె నీకేమవుతుంది?

స్వప్నా, ముందు ఆ పచ్చడి సీసాకు మూత పెట్టి రా, తర్వాత రాద్దువు గానీ. నీ హాస్టల్ స్నేహితురాలు ప్రేమగా ఇచ్చింది, ఆ పిల్లను ఏమీ అనను. కానీ అది ఆవనూనెతో పెట్టిన పచ్చడి. మన ఇంట్లో పల్లినూనె తప్ప ఇంకొకటి పొయ్యి ఎక్కదు కాబట్టి నీకు అది కొత్త వాసన. నాకు కొత్త కాదు. ఆ ఘాటు ముక్కుకు తగిలితే చాలు, నేను నేపాల్ సరిహద్దు పక్కన ఒక ఇంట్లో బల్ల మీద కూర్చుని, మూసి ఉన్న తలుపు వైపు చూస్తుంటాను. తలుపు వెనక నలుగురు ఆడపిల్లలు. నలుగురూ వేరేవాళ్ల పిల్లలు. మళ్లీ తల్లుల చేతిలో పెడతానని మాట ఇచ్చి తీసుకుపోయిన మనిషిని నేను. నువ్వు రాసుకుంటానన్న సులోచన బాయి గురించి చెప్పాలంటే అక్కడికి వెళ్లక తప్పదు. రాయి.

మహారాష్ట్ర అంచున మా వైపు ఆడ టీచర్లను బాయి అంటాం. మరాఠీ బళ్ల అలవాటు అది. సులోచన బాయిది అహేరి. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో హిందీ, మనందరిలాగే. సిరోంచలో ఆడపిల్లల హాస్టల్ చూసుకునేది. మీ అమ్మ పదో తరగతి తర్వాత అక్కడే ఉండి చదువుకుంది. పొట్టి మనిషి, చీర కుచ్చిళ్లు వానాకాలం కాకపోయినా పైకి దోపుకుని నడిచేది. ఎవరు ఏది అడిగినా వెంటనే జవాబిచ్చేది కాదు. వాళ్లు అడగడం అయిపోయిందా లేదా అని మొహంలోకి చూసేది. మొదట్లో నాకు అది పొగరనిపించింది.

రెండు వేల సంవత్సరం దాటిన తర్వాతి మాట. ప్రాణహిత మీద అప్పటికి వంతెన లేదు, పడవలే. ఒకరోజు బాయి మన ఊరు బామ్నికి వచ్చి మా వాకిట్లో తల్లులందరినీ కూర్చోబెట్టింది. ఎవరో ఒక సంస్థ వాళ్లు పల్లెటూరి పిల్లలను వేరే దేశపు పల్లెకు తీసుకుపోతారట. అక్కడి వాళ్లతో కలిసి ఊరికి పనికొచ్చే పని చేయాలి, చేస్తూ నేర్చుకోవాలి. ఈసారి నేపాల్. పాస్‌పోర్టు అక్కర్లేదు కాబట్టి మా పిల్లలకూ వీలైంది. బాయి చెప్పడం అయిందో లేదో మా పక్కింటి ఎల్లుబాయి అందుకుంది.

"పని జెయ్యాలె, పైసలియ్యరు. గిదేం సదువు బాయీ?"

"చేసుకుంట నేర్చుకునే చదువు ఎల్లక్కా."

"నాట్లేసుకుంట మేం నేర్సుకోలేదా? మాకెవలన్న సర్టిఫికెట్ ఇచ్చిన్రా?"

అందరూ ఘొల్లుమన్నారు. బాయి కూడా నవ్వింది. కానీ ఎల్లుబాయి నవ్వలేదు. పిల్లలు ఎక్కడ పడుకుంటారు, స్నానానికి చాటు ఉందా, వాళ్లు తినేది మన పిల్లలకు పడుతుందా, ఎవడన్నా చెయ్యి పట్టుకుంటే ఎవరితో చెప్పుకోవాలి అని పొద్దు వాలేదాకా అడుగుతూనే ఉంది. అడిగినవే మళ్లీ అడిగింది. నాకే విసుగొచ్చి, "ఇగ సాలియ్యే, బాయికి గొంతెండుతాంది" అన్నాను.

బాయి నా వైపు తిరిగి, "అడగనియ్యి భూమక్కా. అడిగెటోళ్లు లేని పిల్లలే ఆగమైతరు" అంది.

చివరికి తల్లులంతా ఒక మాట మీదికి వచ్చారు. బాయి గవర్నమెంటు మనిషి, రేపు బదిలీ అయితే ఎక్కడని వెతుకుతాం? మన ఊరి ఆడమనిషి ఒకతె తోడు వెళితేనే పిల్లలను పంపుతాం. అందరి కళ్లూ నా మీద పడ్డాయి. సిరోంచ అంగట్లో కూరగాయలమ్మి నాకు కొంచెం హిందీ వచ్చు. మీ తాత అప్పటికే లేడు. పైగా నా బిడ్డ సరిత, అంటే మీ అమ్మ, ఎలాగూ వెళ్తోంది. ఎల్లుబాయి తన కూతురు రాజేశ్వరి చెయ్యి తెచ్చి నా చేతిలో పెట్టింది. "నాకు బాయి ఎర్కలేదు. నువ్వే ఎర్క. పోరి రాకపోతే నీ ఇంటి ముందటనే కూసుంట" అంది. ఆ చెయ్యి పట్టుకున్నప్పటి నుంచే నాకు భయం మొదలైంది.

బామ్ని నుంచి రాజేశ్వరి, సునీత, పద్మ, మీ అమ్మ. జింగనూర్ అడవి నుంచి సోని అని ఒక గోండు పిల్ల. పడవలో సోని నా పక్కన ముడుచుకుని కూర్చుని, "నిన్నేమని పిల్వాలె?" అని అడిగింది. మిగతా పిల్లలకు ఆ ఇబ్బంది లేదు. ఊళ్లో వరుస లేని మనిషి ఉండదు కదా. రాజేశ్వరి తండ్రి నన్ను అక్కా అంటాడు కాబట్టి ఆ పిల్లకు నేను అత్తను. సునీతకు వరుస లెక్కలో అమ్మమ్మను, నా తల అప్పటికి నెరవకపోయినా. పద్మకు వదినను. సోనికి ఏ వరుసా లేదు. "పెద్దమ్మా అను బిడ్డా" అన్నాను. అవతలి ఒడ్డు చేరేలోపు రెండుసార్లు పిలిచి చూసుకుంది.

మంచిర్యాలలో రైలెక్కి, గోరఖ్‌పూర్‌లో దిగి, బస్సులో సరిహద్దుకు వెళ్లాం. దేశం దాటడమంటే ఏదో పెద్ద ద్వారం ఉంటుందనుకున్నాను. ఒక కమాను, రిక్షాలు, అంతే. "గిదేనా ఫారిన్?" అని పద్మ నిరాశపడింది. అవతల గుట్టల కింద ఒక ఊరు. బడికి తాగునీటి పైపు కోసం కాలువ తవ్వడం మా పని. అక్కడి ఆడవాళ్లు రాళ్ల బుట్టను వీపున వేసుకుని, పట్టీని నుదుటికి తగిలించి మోస్తారు. మా పిల్లలు తల మీద పెట్టుకుని మోస్తుంటే వాళ్లు పని ఆపి చూసేవారు. సాయంత్రం అందరూ గుండ్రంగా కూర్చుని ఈ రోజు ఏం నేర్చుకున్నారో చెప్పాలి. బాయి నన్నూ వదల్లేదు.

"నేనేం నేర్సుకున్న బాయీ? ఫారిన్ల కూడ నీళ్లు మోసేది ఆడోళ్లేనని నేర్సుకున్న."

నవ్వుతారనుకున్నాను. నేపాలీలో చెప్పించుకుని విన్నాక అక్కడి ఆడవాళ్లు నవ్వలేదు, తలలూపారు. ఎందుకలా అని పిల్లలు చాలాసేపు మాట్లాడుకున్నారు. పని చేస్తూ నేర్చుకోవడమంటే ఏమిటో నాకు ఆ రోజు కొంచెం తెలిసింది.

తిరుగు ప్రయాణం దగ్గర పడ్డాక మీ అమ్మకు జ్వరం పట్టుకుంది. దగ్గరి పట్నంలో దవాఖానకు తీసుకువెళితే కొన్నాళ్లు కదిలించవద్దన్నారు. రైలు టికెట్లు తీసి ఉన్నాయి. ఊళ్లో తల్లులు రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. డాక్టరు మాట నాకు సగం కూడా అర్థం కాదు. బాయి వసారాలో నా ఎదురుగా కూర్చుంది.

"నీ బిడ్డను నాకాడ ఇడిసిపెట్టు. నా పిల్లలను నువ్వు తోలుకపో."

"నా బిడ్డనిడిసి పొమ్మంటవా బాయీ? నీకు పిల్లలుంటె గిట్లనకపోదువు."

ఎంత మాటన్నానో అన్నాకే తెలిసింది. బాయికి పిల్లలు లేరు. ఆమె కోపం తెచ్చుకోలేదు. "ఇంకేమన్న అడిగేదుంటె అడుగు" అంది. అడిగాను. జ్వరం తగ్గకపోతే ఏం చేస్తావు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు, నాకు కబురు ఎట్లా అని. అన్నిటికీ చెప్పింది. మీ అమ్మ నుదురు నిమిరి, నలుగురు పిల్లలను వెంటబెట్టుకుని బస్సెక్కాను.

కమాను దాటబోతుంటే పక్కన రేకుల షెడ్డులోంచి ఒక ఆడమనిషి లేచి వచ్చి మమ్మల్ని ఆపింది. పని ఇప్పిస్తామని నేపాల్ పిల్లలను ఇటు దాటించి అమ్మేసేవాళ్లుంటారు. అలాంటివాళ్లను పట్టుకోవడానికే అక్కడ కూర్చుంటారట ఆమె లాంటివాళ్లు. వచ్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ చూడలేదు. పోయేటప్పుడు ఒక నడివయసు ఆడది, వెనక నలుగురు వయసు పిల్లలు. ఇంకేం కావాలి? మా కాగితాలు చూసింది. మహారాష్ట్ర అని ఉంది. పిల్లలు మాట్లాడుకునేది మరాఠీ కాదు. బడిలో మరాఠీ, ఇంట్లో తెలుగు అంటే ఆమె నమ్మలేదు. పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి ఒకే మాట అడిగింది. ఈమె నీకేమవుతుంది?

రాజేశ్వరి అత్త అంది. సునీత నానీ అంది. పద్మ భాభీ అంది. సోని పెద్దమ్మ అంది. ఒక్క పిల్ల కూడా అబద్ధం చెప్పలేదు. తర్వాత నన్ను అడిగింది. నాకేం తెలుసు వాళ్లేం చెప్పారో? "అందరూ నా బిడ్డలే" అన్నాను.

ఆమె హిందీలో మెల్లగా అంది. "ఒకతె అత్త అంటుంది, ఒకతె అమ్మమ్మ అంటుంది, ఒకతె వదిన అంటుంది. నువ్వు కన్నతల్లిని అంటావు. ఇందులో ఏది నిజం?"

నిజంగా నా కడుపున పుట్టిన ఒక్క పిల్లా ఆ గుట్టల దగ్గర మంచంలో ఉంది.

పక్కనే ఉన్న వాళ్ల ఇంటికి తీసుకువెళ్లారు. పిల్లలను లోపలి గదిలో ఉంచి తలుపు మూశారు. వంటింట్లోంచి ఆవనూనె కాగిన వాసన. రైలు వెళ్లిపోతుంది. వీళ్లే దొంగలైతే? ఎల్లుబాయి నా వాకిట్లో కూర్చుని ఉన్నట్టే కనిపించింది. లేచి తలుపు తన్ని, పిల్లల చేతులు పట్టుకుని పరుగెత్తాలనిపించింది. నిజానికి లేచాను కూడా. అప్పుడు బామ్ని వాకిట్లో పొద్దు వాలేదాకా కదలకుండా కూర్చున్న బాయి గుర్తొచ్చింది. మళ్లీ కూర్చున్నాను.

"నీకు నమ్మకం కుదిరేదాకా మమ్మల్ని పంపకమ్మా. కానీ నేనూ అడుగుతాను" అన్నాను, వచ్చిన హిందీలోనే. నీ పేరేమిటి, ఏ ఊరు, నీ పైన ఎవరున్నారు, ఈ ఇంటికి మగవాళ్లు ఎవరెవరు వస్తారు, తలుపు ఎందుకు మూశావు, నేను గడపలో పడుకుంటే నీకేం అడ్డం? మొదట మొహం చిట్లించింది. తర్వాత ఒక్కొక్కటికీ చెప్పింది. చివరికి లేచి ఆ తలుపు తెరిచింది, కానీ మమ్మల్ని వదల్లేదు. నేను గడపలోనే పడుకున్నాను. దవాఖాన ఉన్న పట్నానికి ఫోన్ చేసి బాయికి కబురంపారు. అది చేరింది కానీ జవాబు రాలేదు. రైలు పోయింది. అక్కడ ఏం పెట్టినా నాకు మింగుడు పడలేదు. సోని మాత్రం, "తిను పెద్దమ్మా, నువ్వు పడిపోతె మమ్మల్నెవలు తోలుకపోతరు?" అని ముద్దలు కలిపి ఇచ్చింది.

ఆ మర్నాడు కాక ఆ పై రోజు మధ్యాహ్నం రిక్షా దిగింది బాయి, మీ అమ్మను భుజాన ఆనించుకుని. జ్వరం తగ్గినా పిల్ల పుల్లలా అయిపోయింది. బాయి హాస్టల్ కాగితాలు చూపించి మమ్మల్ని విడిపించి, ఆ ఆడమనిషికి రెండు చేతులూ జోడించింది. నాకు ఒళ్లు మండింది. నన్ను దొంగదాన్ని చేసిన మనిషికి దండమా? అంతటితో అయిపోలేదు. నలుగురు పిల్లలనూ ఒక్కొక్కరినే చింతచెట్టు కిందికి తీసుకువెళ్లి ఏదో అడిగింది. రాజేశ్వరిని నిలదీస్తే చెప్పింది. "భూమక్క మిమ్మల్ని మంచిగ చూసుకున్నదా, ఎవలకన్న అప్పజెప్పబోయిందా అని అడిగింది అత్తా."

నేరుగా బాయి దగ్గరికి వెళ్లాను.

"నీకు కూడ నా మీద అనుమానమేనా బాయీ? నా బిడ్డను నీకిచ్చి వచ్చిన గదా!"

బాయి ఈసారి నా మొహంలోకి చూడలేదు. నేల చూస్తూ చెప్పింది. "నమ్ముడు వేరు, అడుగుడు వేరు భూమక్కా. నిన్ను నమ్మిన గనుకనే పిల్లలనిచ్చిన. అడగకపోతే నేను వాళ్లకేమైత? నువ్వు కూడ సరితను అడుగు, నేనెట్ల చూసుకున్ననో. నేను లేనప్పుడడుగు."

గోరఖ్‌పూర్ బస్సులో బాయి ముందు సీటుకు పోయి కూర్చుంది, నాకు వీలుగా. నేను అడిగాను. మీ అమ్మ ఏం చెప్పిందో నేను చెప్పను, మీ అమ్మనే అడుగు. అడిగాక మాత్రం నాకు బాయి మీద కోపం లేదు. సిరోంచలో పడవ దిగగానే ఎల్లుబాయి కూతురిని చుట్టూ తిప్పి చూసి, పిల్లను పక్కకు తీసుకుపోయింది. ఏం అడుగుతోందో నాకు తెలుసు. ఇసుకలో నిలబడి, అయ్యేదాకా ఆగాను.

బాయి తర్వాత బదిలీ అయి చంద్రపూర్ వైపు వెళ్లింది, అక్కడే పోయింది. నాకు ఇచ్చిపోయింది ఈ అలవాటే. ఊళ్లోకి ఎవరొచ్చి పిల్లలను తీసుకుపోతామన్నా, చదువుకైనా పనికైనా, వెళ్లి అడుగుతాను. ఒకసారి ఎక్కడో దారం మిల్లులో పని ఇప్పిస్తానని ఒకాయన వచ్చాడు. నేను అడుగుతుంటే కోపం వచ్చి, "ముసలమ్మా, నువ్వేమన్న పోలీసువా?" అని బండెక్కి పోయాడు. మళ్లీ రాలేదు. మంచివాడో చెడ్డవాడో నాకు ఇప్పటికీ తెలియదు. మా వాడకట్టు లక్ష్మి కూతురు ఆ పనికి పోవాల్సింది. ఇప్పుడు ఏటా నది అవతలికి మిరపకాయలు ఏరడానికి పోతుంది, ఎండలో, కారానికి చేతులు మండుతుంటే.

లక్ష్మి అప్పుడప్పుడు వచ్చి మన అరుగు మీద కూర్చుంటుంది. "గానాడు నువ్వు నోరు మూసుకుంటె నా బిడ్డ నీడపట్టున ఉండకపోవునా?" అని అడుగుతుంది. ఏమో లక్ష్మీ, ఉండునేమో అంటాను. లేచి లోపలికి పోను. ఆమె అడగడం అయిపోయేదాకా పక్కనే కూర్చుంటాను.