చిన్నత్త షరతులు మింగేసిన పేజీ

మొదటి ఉద్యోగం చేసే రోజుల్లో సాయంత్రాలు ఇప్పటికంటే పొడుగ్గా ఉండేవనిపిస్తుంది. సూరత్‌లో చీరల దుకాణాలకు వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పని ముగించుకొని, షేర్ ఆటోలో మా ఇల్లున్న నవాగామ్‌కు తిరిగి వస్తుంటే తాపీ నది మీది గాలికి కళ్లు మూతలు పడేవి. ఆ సగం నిద్రలో, లోకంలోని పేజీలన్నీ నేనే తయారు చేస్తున్నట్టు కలలు కనేదాన్ని. (అప్పటికి నేను సొంతంగా చేసింది ఒక్కటే పేజీ. అదీ ఉచితంగా.)

అది మావాళ్ల పెళ్లి సంబంధాల పేజీ. తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల కోసం మా సంఘం పెద్దాయన అడిగితే చేసిపెట్టాను. ఎవరి వివరాలు వాళ్లు టైపు చేసి బటన్ నొక్కితే పేజీ మీద కనిపిస్తాయి. ఇక్కడ పుట్టి గుజరాతీ మీడియంలో చదివిన మాకు తెలుగు మాట్లాడటమే తప్ప రాయడం రాదు కాబట్టి, అందరం ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్లం. (నేను తెలుగు రాయడం నేర్చుకున్నది చాలా తర్వాత.)

మా నాన్న చెల్లెలు చిన్నత్త, నాయనమ్మతో పాటు మాతోనే ఉండేది. చీరల అంచులకు కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ డిజైన్లు వేసేది. ముప్పై దాటినా, పెళ్లి మాటెత్తితే కిటికీలోంచి బయటికి చూసేది. అలాంటి మనిషి ఒక ఆదివారం తనంతట తానే ఆ పేజీలో వివరాలు పెట్టేసరికి ఇంట్లో పండగైంది. చూస్తుండగానే ఫోన్లు మొదలయ్యాయి. జోల్వా నుంచి ఒక కుటుంబం పిల్లవాణ్ని వెంటబెట్టుకొని వచ్చేసింది కూడా.

చాయ్ తాగాక పిల్లవాడి తల్లి, "పెళ్లయినంక గీ డిజైన్ల పని ఎందుకు బిడ్డా, ఇంట్ల ఉంటే చాలు" అంది.

"నా షరతులు సదివే వచ్చిన్రు గద?" అని చిన్నత్త నెమ్మదిగా అడిగింది.

"ఏం షరతులు?" అంటూ ఆవిడ ఫోన్ చూపించింది. పేరు, చదువు, ఎత్తు, వంట వచ్చునన్న మాట. అంతకుమించి ఏమీ లేదు. చిన్నత్త ఆ తెరను చాలాసేపు చూసి, తలెత్తి మా నాన్నను చూసింది. వాళ్లు వెళ్లేదాకా ఆగి, "గవి ఉంటే సంబంధాలు రావని నువ్వే తీయించినవ్ గదన్నా" అంది.

"నేనేం తీయలే చెల్లె. నాకు ఆ పేజీ తెర్వనే రాదు."

"నీకు రాకపోతే నీ బిడ్డకు రాదా?"

అలా నేనూ ముద్దాయినయ్యాను. అప్పటిదాకా రోజూ సాయంత్రం ఒకే చాయ్‌ని ఇద్దరూ పంచుకునేవాళ్లు, కప్పులోది ఆమె, సాసర్‌లోది నాన్న. ఆ రోజు నుంచి నాన్న కప్పు మొత్తం ఒక్కడే తాగలేక సగం వదిలేసేవాడు. ఆమె ఇంట్లో ఉండీ ఎక్కడో దూరపు ఊళ్లో ఉన్నట్టు తిరిగేది.

నాలుగు రోజులు చూసి, ఆఫీసులో ఆ పేజీ వెనకాల ఉండే అసలు రాతను తెరిచి చూశాను. షరతులు అక్కడే ఉన్నాయి, అక్షరం పోకుండా. చిన్నత్త వాటికి చీర అంచులాగా అటో కోణపు గుర్తు (<), ఇటో కోణపు గుర్తు (>) పెట్టి ముచ్చటగా రాసుకుంది. కానీ ఆ గుర్తుల మధ్య ఇంగ్లీషు అక్షరాలు కనబడితే బ్రౌజర్‌ వాటిని తనకిచ్చిన ఆజ్ఞ అనుకుంటుంది, మనుషులకు చూపించదు. పెళ్లయినా పని మానను అనే ఆజ్ఞ దానికి అర్థం కాక, మర్యాదగా మింగేసి ఊరుకుంది. గుర్తును గుర్తుగానే చూపించాలంటే ముందే దాని బదులు ఒక కోడ్ పెట్టాలి. (ఈ పని ఎవరైనా మొదటి వారంలోనే నేర్చుకుంటారు. ఆ వారం నేను కలల్లో ఉన్నట్టున్నాను.)

సాయంత్రం లాప్‌టాప్ ముందు అన్నాచెల్లెళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి ఆ రాత చూపించాను. నాన్న వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివాడు. "పెళ్లయినా పని మానను. వంట ఇద్దరం చేద్దాం. అమ్మ నాతోనే ఉంటది." అక్కడ ఆగిపోయాడు.

"అమ్మ నా దగ్గర మంచిగ లేదా చెల్లె?"

"మంచిగనే ఉన్నదన్నా. అమ్మ పక్కన లేకుంటే నాకే నిద్ర రాదు."

వెనక మంచం మీంచి నాయనమ్మ, "నన్నెవరన్న అడిగిన్రా?" అంది. చిన్నత్తకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఆ ఉత్సాహంలో నేను గుర్తుల మార్పిడిని వివరాలు దాచేటప్పుడొకసారి, పేజీ మీద చూపించేటప్పుడొకసారి చేసేశాను. దాంతో పేజీలో 'అండ్' గుర్తు (&) ఉన్న ప్రతిచోటా పక్కన దాని కోడ్‌లోని 'ఆంప్' అనే మాట మొలిచింది. సంఘం పెద్దాయన ఫోన్ చేశాడు. "ఏంది బిడ్డా, పిలగాండ్ల కాడ ఆంప్ అని వస్తున్నది? మగ్గం మోటర్ ఎన్ని ఆంపులో గూడ రాయాల్నా? ఒకాయన జర గుస్సాల ఉన్నడు, మోటర్ పెద్దదేనట."

అదీ సరిచేశాక చిన్నత్త షరతులు అంచులతో సహా పేజీ మీద నిలిచాయి. ఫోన్లు ఆగిపోయాయి. వానాకాలమంతా ఒక్క సంబంధమూ రాలేదు. నాన్న మాత్రం మళ్లీ సాసర్‌లోనే చాయ్ తాగేవాడు. చివరికి పక్క ఊరు కిమ్‌లో రంగుల మిల్లులో పనిచేసే ఒకాయన నుంచి సందేశం వచ్చింది. ఆయనా అటూ ఇటూ కోణపు గుర్తులు పెట్టే రాశాడు: "వంటల నాకు ఖిచిడీ ఒక్కటే వస్తది. పర్వాలేదంటే వస్తా." చిన్నత్త దాన్ని చదివి, ఫోన్ బోర్లించి, కాసేపటికి మళ్లీ తీసి చదివింది.

పెళ్లయింది. నాయనమ్మ తన బట్టల మూటతో కిమ్‌కు వెళ్లింది. భోజనాల దగ్గర నేను కనబడిన ప్రతి చుట్టానికీ ఆ కోణపు గుర్తుల కథ వివరించాను. వివరించి వివరించి, పంక్తి ముగిసేసరికి నాకు ఖాళీ విస్తరి మిగిలింది. ఇప్పుడు ఆఫీసులో కొత్తవాళ్లెవరైనా ఆ గుర్తుల సంగతి అడిగితే ఒక్క ముక్కలో చెప్పి నా పని చూసుకుంటాను. కానీ ఒక్కోసారి, ఎవరూ వినకపోయినా కళ్లు పెద్దవి చేసుకొని చెబుతూనే ఉన్న ఆనాటి ఆ పిల్ల గుర్తొస్తుంది. నవ్వొస్తుంది. ఎవరైనా ఆమె చేతిలో ఒక పూరీ పెట్టి, "ఆఁ, తర్వాత?" అని అడిగితే బాగుండేదనిపిస్తుంది.