గుడ్డ కట్టిన సొరకాయ

మా చిన్నప్పుడు... ఇంటెనక పెరట్లో, సొరపందిరి కింద నిలబడి, మా అమ్మ పాత ఎర్రచీర పేలికను పళ్ళతో పట్టి చించేది. పందిరిమీద అన్నిటికన్నా బాగుండే కాయను చూసి దాని తొడిమకు కట్టేది. అంతే... ఇంక దాన్ని ఎవురూ ముట్టుకోకూడదు. అది విత్తనం కాయ. నాయన గూడా దాని పక్క చెయ్యి చాచేవాడు కాదు.

నాకు అక్షరం రాదు. నేను చెప్తా ఉంటే మా మనవరాలు ఫోనులో కొడతా ఉండాది. ఎందుకు చెప్తా ఉండానంటే, ఈ తిరపతి ఇంట్లో నాకు మిగిలిండే ఆ కాస్త పెరట్లో సిమెంటు పోసి కారు పెడతానంటాడు మా పెద్దోడు. నా మాట గూడా నలుగురూ వినాల గదా...

మాది ఏర్పేడు పక్క పల్లె. పెరడంటే ఎంత... రెండు మంచాలు వేస్తే నిండిపోయేంత. అందులోనే సొర, కాకర, కంచెమీద అనపతీగ, బాయిగట్టున కనకాంబరాలు, డిసెంబరు పూలు. అంట్ల బోకులు కడిగిన నీళ్ళే వాటికి నీళ్ళు. పొయ్యిలో బూడిదే వాటికి మందు. పొద్దున్నే మంచు ఆరకముందే పూలు కోసి అరటినారతో కట్టేది నా పని. వేళ్ళు చల్లగా కొంకర్లు పోయేవి...

ఆ సొరవిత్తనం అమ్మ పెండ్లై వచ్చేటప్పుడు కొంగున ముడేసుకొని తెచ్చుకునింది. మెడ వంకరగా, కొంగ తిరిగి చూసినట్టు ఉంటాది కాయ. ఆ చుట్టుపక్కల ఇంకెవురింట్లోనూ లేదు.

ఒక ఏడు మా పక్కింట్లోకి బడిలో చదువు చెప్పే అయివారొకాయన వచ్చినాడు, గోదావరి పక్క నుంచి. ఆయన భార్య చిన్నపిల్ల. కడుపుతో ఉండాది. ఒకనాడు కంచె కాడికి వచ్చి, "అక్కగారూ, ఒక ఆనపకాయ ఇస్తారా?" అనింది.

మా పక్క అనపకాయలంటే చలికాలంలో వలిచి పితికిపప్పు చేసుకునే కాయలు. అమ్మ పకపకా నవ్వింది. "ఒక్క అనపకాయతో ఏం చేస్తావు మా, కాకికి పెడతావా? పో, పెరట్లో ఉండాయి. నీకెన్ని కావాలంటే అన్ని కోసుకో!"

"అయ్యో, ఒక్కటి చాలండీ" అని ఆ యమ్మ మొహమాటపడి, మధ్యాన్నం వచ్చి కోసుకుంటానని పోయింది.

వాళ్ళ పక్క ఆనపకాయంటే సొరకాయంట. మాకేం తెలుసు...

సందకాడ నీళ్ళు పొయ్యను పోతే పందిరిమీద ఎర్రగుడ్డ లేదు. కాయ లేదు. కూరకు కోసిందీ ఊర్లో పంచిందీ పోను, ఆ ఏటికి విత్తనానికని మిగిలింది అదొక్కటే. అమ్మ అట్లనే నేలమీద కూలబడింది. నాయన "పోయి అడుగు" అన్నాడు. అమ్మ లేచి కొంగు దోపుకొని పోయింది. ఎనకనే నేను.

ఆడ పొయ్యి పక్కన కూర దించి ఉండాది. కిటికీ ఊచకు మా ఎర్రపేలిక... ఉతికి ఆరేసి ఉండాది.

"గుడ్డ మీదే అక్కగారూ. మర్చిపోకుండా నాకోసం గుర్తు కట్టి ఉంచారు కదా అని దాన్నే కోసుకున్నాను" అనింది ఆ యమ్మ. "పాలు పోసి వండాను, మా అమ్మ చేసినట్టు. ఈ ఊరొచ్చాక ఇవాళే నాకు అన్నం సయించింది."

అమ్మ ఆ గుడ్డను చూసింది. ఆ పిల్ల కడుపును చూసింది. దోపుకున్న కొంగు వదిలేసి, "నాక్కూడా రవ్వంత పెట్టు మా, ఎట్లుంటాదో చూస్తాను" అని కూర్చునేసింది.

ఇంటికొస్తే నాయన అడిగినాడు, "అడిగినావా?"

"అడిగినాను. ఇంకొంచెం ఉప్పు పడాల."

ఆ మాటకు నాయన నవ్వినాడు. అమ్మ నవ్వలేదు. దీపం పట్టుకొని తీగంతా వెతికింది. ఆకుల చాటున బొటనవేలంత పిందె, మూతికి ఇంకా పువ్వు వాడలేదు. దానికే ఆ ఉతికిన గుడ్డ కట్టింది. ఆకులన్నీ ఎండి రాలిపోయినా ఆ ఒక్క కాయకోసం బాయిలో నీళ్ళు చేది పోసింది. కాయ గిడసబారింది గానీ మెడ మాత్రం అదే వంకర... ఎండినాంక నా చెవి కాడ ఊపితే గలగలమనింది! అమ్మ మొహం అప్పుడు చూడాల.

పగలగొడితే గుప్పెడు విత్తనాలు. సగం ఆ పక్కింటామె కొంగున పోసి, గుడ్డ ఎందుకు కట్టేదో అప్పుడు చెప్పింది. అప్పటికి ఆ యమ్మ చంకలో బిడ్డ ఉండాడు. "రేపు మళ్ళీ నా పందిరిమీద విత్తనం కాయ పోతే నీ పందిరికొచ్చి అడగతాను. ఈసారి సొరకాయనే అడగతాను మా" అనింది. ఇద్దరూ కండ్లలో నీళ్ళొచ్చేటట్టు నవ్వినారు. బదిలీ అయి పోయేటప్పుడు ఆ యమ్మ విత్తనాలు పట్టుకొనే పోయింది.

నా వాటా విత్తనాలు పెండ్లై వచ్చేటప్పుడు నేనూ ఈడికి తెచ్చుకున్నాను. మా పెద్దోడేమో, "మా, కూరగాయలు బండిమీద వీధిలోకే వస్తా ఉండాయి గదా" అంటాడు. వస్తాయి నాయనా. మీ అవ్వ కాయ వస్తాదా?

నిన్న మేస్త్రీ కొలతలు తీసుకొని పోయినాడు. ఈ పొద్దు తెల్లారేసరికి నా పాత ఎర్రచీర ఒకటి చించి కాయకు కట్టినాను... పందిరి గుంజలకు కట్టినాను, కనకాంబరం చెట్లకు కట్టినాను, మల్లెతీగకు కట్టినాను. పెరడంతా ఎర్రగా ఉండాది. మేస్త్రీ మళ్ళీ వచ్చి చూసి "ఏంది అవ్వా, దిష్టికా?" అన్నాడు. మావాడు మాత్రం అడగలా. చిన్నప్పుడు నేను కాయకు కట్టిన గుడ్డ చూసి ఆమడ దూరం జరిగినోడే గదా... "కాయ ఎండేదాకా రావద్దులే అప్పా" అని మేస్త్రీని పంపేసినాడు.

ఎండినాంక మళ్ళీ విత్తతాను. వాడికది తెలీదు పాపం.

ఇప్పుడు గుడ్డ కడితే ఏందని చెప్పాల్సి వస్తా ఉండాది... అప్పుడు చెప్పే పనే లేదు. మీ ఇండ్లల్లో ఏ కాయకు కట్టేవాళ్ళు? చెప్పండి, మనవరాలు చదివి వినిపిస్తాది. గోదావరి పక్కోళ్ళు ఎవురన్నా చదవతా ఉంటే... మీ పెరట్లో మెడ వంకర ఆనపకాయ కాస్తా ఉంటే, అది మా అమ్మది. పాలు పోసి వండుకోండి. ఒక్కదానికి మాత్రం గుడ్డ కట్టండి.