చర్చి వసారాలో పెద్దల క్లాసు

నేను హైస్కూల్లో తెలుగు టీచరుగా రిటైరైన రెండు నెలలకు మా పాస్టరుగారు ఇంటికి వచ్చారు. రావులపాలేనికి నాలుగు మైళ్ళ దూరంలో, కాలువ గట్టున ఉంటుంది మా చర్చి. పాస్టరుగారు వయసులో నాకంటే బాగా చిన్నవారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అసలు సంగతి చెప్పారు.

"పిల్లలకి సండేస్కూలుంది. యూత్‌కి వాళ్ళ మీటింగులున్నాయి. పెద్దవాళ్ళకి నా ప్రసంగం తప్ప ఏమీ లేదండి. ప్రసంగం మధ్యలో లేచి ఎవరూ ప్రశ్న అడగలేరు కదా. మీరు ఆదివారం పొద్దున్నే ఒక గంట క్లాసు చెబితే బాగుంటుందండి."

ఇల్లు ఊడ్చుకుంటూ, టీవీ చూస్తూ రోజులు గడపడం ఎలాగా అని దిగులు పడుతున్న సమయం అది. వెంటనే ఒప్పుకున్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నాకిదేం కష్టం అనుకున్నాను. కొత్త హాజరు పట్టీ కొన్నాను. చార్టు మీద రంగు పెన్నులతో మ్యాపు గీశాను. ఒక్కో పాఠానికీ పది ప్రశ్నలు రాసుకున్నాను.

మొదటి ఆదివారం పదకొండుమంది వచ్చారు. సండేస్కూలు గదిలో పిల్లల బల్లల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నారు. ఎక్కువమంది ఆడవాళ్ళే. పొలం పనులకు, అరటి తోటల్లో పనులకు వెళ్ళేవాళ్ళు. ముందు బల్ల మీద కూర్చున్నాయన మాత్రం కాకినాడలో గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన. మా సంఘ పెద్దల్లో ఒకరు. చొక్కా జేబులో రెండు పెన్నులు పెట్టుకుని వచ్చారు.

నేను బళ్ళో చెప్పినట్టే చెప్పాను. ఒకరి తర్వాత ఒకరు బైబిల్లో ఒక్కో వచనం చదవమన్నాను. ముందు బల్లలవాళ్ళు చదివేసరికే ఆ రోజు భాగం అయిపోయింది. తర్వాత ప్రశ్నలు అడిగాను. అన్నింటికీ గుమాస్తాగారే జవాబు చెప్పారు. మిగతావాళ్ళు తలలు వంచుకుని కూర్చున్నారు. శ్రద్ధగా వింటున్నారనుకుని సంతోషపడ్డాను.

రెండో ఆదివారం చివరి బల్ల మీద ఒకామె కూర్చుంది. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, మా వీధి చివర ఉంటుంది. చిన్నప్పటి నుంచీ వరి పొలాల్లో పని చేసిన మనిషి. ప్రతి ఆదివారం బైబిలు గుడ్డ సంచిలో పెట్టుకుని తెచ్చుకుంటుంది. చదవడం ఇంకా ఇద్దరు దాటితే ఆమె వంతు వస్తుందనగా లేచి నిలబడింది.

"పొయ్యి మీద పాలు పెట్టి వచ్చేశానండి టీచరుగారూ" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది.

మూడో వారం ఆమె రాలేదు. నాలుగో వారానికి నలుగురం మిగిలాం, నాతో కలిపి. గుమాస్తాగారు హాజరు పట్టీ తిరగేసి, "మనవాళ్ళకి ఆసక్తి లేదండి టీచరుగారూ. మీ కష్టం వృథా" అన్నారు. నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే, నాకు కూడా అలాగే అనిపించింది.

ఆ మర్నాడు సాయంత్రం పాస్టరుగారికి ఈ సంగతి చెబుదామని బయలుదేరాను. దారిలో ఆ చివరి బల్ల ఆమె తన ఇంటి అరుగు మీద మునగాకు దూస్తూ కనిపించింది. నన్ను చూసి లేచి, పీట వేసింది.

"ఏంటక్కా, క్లాసుకి రావడం మానేశావు? ఒంట్లో బాగోలేదా?" అని అడిగాను.

"బాగానే ఉందండి."

"మరి?"

ఆమె ఆకు దూయడం ఆపింది. "ఆవేళ పొయ్యి మీద పాలేమీ లేవండి. నాకు చదవడం రాదు. అందరి ముందూ నా వంతు వచ్చేస్తుందని గుండె దడదడలాడిపోయిందండి."

"ఆ మాట నాతో చెబితే సరిపోయేది కదా."

"ఎలా చెప్తామండి? మీరు టీచరుగారు." మళ్ళీ ఆకు దూస్తూ, "నేనొక్కదాన్నే కాదండి. రావడం మానేసినోళ్ళలో ఐదుగురికి రాదు. ఇన్నేళ్ళూ చర్చిలో ఈ మాట మమ్మల్నెవరూ అడగలేదండి. పాట వింటే వచ్చేస్తది. వాక్యం వింటే గుర్తుంటది. చదవమనేసరికి..." అంది.

ఆ మాటల్లో నా మీద కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ముప్పై ఏళ్ళలో ఎంతమంది పిల్లలు కడుపునొప్పి అనీ, మంచినీళ్ళకనీ నా క్లాసులోంచి లేచి వెళ్ళారో గుర్తొచ్చింది. వాళ్ళని బద్ధకస్తులనుకున్నాను. ఒక్కరి ఇంటికి కూడా వెళ్ళి అడగలేదు.

పాస్టరుగారి ఇంటికి వెళ్ళాను కానీ, క్లాసు మానేస్తానని చెప్పలేదు. "పద్ధతి మార్చుకోవాలండి. బల్లలొద్దు, వసారాలో కింద కూర్చుంటాం. ఇంకో నెల చూద్దాం" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. వసారాలో వేసుకోవడానికి చాపలు ఇప్పిస్తానన్నారు.

ఇంటింటికీ తిరిగి నేనే పిలిచాను. "ఎవరూ చదవక్కర్లేదు. నేను చదువుతాను, మీరు వినండి. తర్వాత మాట్లాడుకుందాం" అని చెప్పాను. ఆ ఆదివారం ఎనిమిదిమంది వచ్చారు. ఆమె కూడా వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుంది. ఒక్కో భాగం నేను నెమ్మదిగా రెండుసార్లు చదివాను. తర్వాత ఎవరో ఒకరు దాన్ని సొంత మాటల్లో చెప్పారు. హాజరు పట్టీ ఇంట్లోనే వదిలేశాను. గుమాస్తాగారికి ఇదేమీ నచ్చలేదు. "ఇది క్లాసాండి, కబుర్లా?" అన్నారు. అయినా తర్వాతి వారం కూడా వచ్చారు, కుర్చీ తెచ్చుకుని.

అలా మూడో వారమో నాలుగో వారమో, భర్త పోయిన కోడలు అత్తని విడిచిపెట్టకుండా ఆవిడ వెంట పరాయి దేశం వెళ్ళిన కథ తీసుకున్నాను. తిండికి లేక ఆ అమ్మాయి కోత కోసే పొలానికి వెళ్ళి, రాలిన వెన్నులు ఏరుకుంటుంది. ఆ పొలం యజమాని ఆమె సంగతి తెలుసుకుని, ఆమె కోసం కావాలనే కొన్ని వెన్నులు కింద వదిలేయమని కూలీలకు చెబుతాడు.

చదవడం అయ్యాక గుమాస్తాగారు, "యజమాని దయగల మనిషి. పాపం, ఆ అమ్మాయికి ఏమీ తెలియదు, తన అదృష్టం అనుకునుంటుంది" అన్నారు.

"తెలుసండి" అంది స్తంభం దగ్గర నుంచి ఆమె.

అందరూ అటు చూశారు. "ఎలా తెలుస్తుందక్కా?" అన్నాను.

"మా అమ్మతో నేనూ ఇలాగే పరిగె ఏరడానికి ఎల్లేదాన్నండి. కొంతమంది కామందులు కోసిన పనలు ఎత్తేశాక మళ్ళీ మనుషుల్ని పెట్టి ఏరించేసేవోరు. మాకేమీ మిగిలేది కాదు. ఒకాయన చేలో మాత్రం గట్టు వార గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా పడుండేయి. రాలిన వెన్నులు అలా పడవండి, చెదురుగా పడతాయి. చూడగానే తెలిసిపోద్ది, కావాలని వదిలారని. మా అమ్మ తలొంచుకుని ఏరుకునేది. ఆయన గట్టు మీదున్నా అటు చూసేది కాదు. ఆయనా ఇటు చూసేవోరు కాదండి."

"తెలిసినప్పుడు ఒక దండం పెట్టొచ్చు కదా?" అని అడిగారు గుమాస్తాగారు.

"దండం పెడితే ఆయన ఇచ్చినట్టు, మేం అడుక్కున్నట్టు అయిపోద్దండి. తెలీనట్టుంటే మేం ఏరుకున్నట్టు. ఆయనకీ అదే కావాలి, మా అమ్మకీ అదే కావాలి. ఈ పిల్ల కూడా అంతేనండి. దానికి తెలుసు."

ఆ కథ నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. పది ప్రశ్నలు కూడా రాసి పెట్టుకున్నాను. వాటిలో ఈ ప్రశ్న లేదు. చర్చి పక్క రోడ్డు మీద అరటిగెలల లారీ ఒకటి వెళ్ళింది.

గుమాస్తాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా అమ్మ కూడా ఏరేదండి" అన్నారు చిన్న గొంతుతో. "నన్ను కాకినాడ హాస్టల్లో పెట్టి, ఇక్కడ ఆవిడ ఏరుకుని తినేది. ఈ మాట నేను మా పిల్లలకి కూడా చెప్పలేదు." తర్వాత ఆమె వైపు తిరిగి, "మా అమ్మకి కూడా తెలిసే ఉంటుందంటారా?" అని అడిగారు. ఆమెను ఆయన 'మీరు' అనడం అంతకు ముందు నేను వినలేదు.

"తెలిసే ఉంటుందండి. మీకు చెప్పుండదు."

ఆ రోజు ఆరాధనకు గంట కొట్టినా ఎవరూ చాపల మీద నుంచి లేవలేదు. పాస్టరుగారే బయటికి వచ్చి గుమ్మంలో కాసేపు నిలబడ్డారు.

ఆ తర్వాత జనం పెరిగారు. ఇప్పుడు పద్దెనిమిది, ఇరవైమంది దాకా వస్తున్నారు. నాట్లప్పుడు సగమైపోతారు, మళ్ళీ వస్తారు. మొదట్లో వచ్చినవాళ్ళలో ఇద్దరు పూర్తిగా మానేశారు. వాళ్ళని తిరిగి రప్పించడం నా వల్ల కాలేదు.

కొన్నాళ్ళకి క్లాసయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చి, "వచ్చే ఆదివారం దాకా ఆగలేకపోతున్నానండి. తర్వాతేం జరిగిందో ఇంటికాడ నేనే చదువుకోవాలనుంది" అంది. నేను నేర్పుతాననేలోపే గుమాస్తాగారు అందుకున్నారు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. క్లాసుకి అరగంట ముందు వచ్చి ఆమెకీ, ఇంకో ఇద్దరికీ అక్షరాలు దిద్దిస్తున్నారు. ఆమెకి ఇంకా ఒత్తులు తడబడుతున్నాయి. తడబడితే నవ్వేసి మళ్ళీ మొదలుపెడుతుంది.

పోయిన నెలలో రాజమండ్రిలో మా చెల్లెలికి ఒంట్లో బాగోలేదంటే వెళ్ళి, ఆదివారం పొద్దున్నే తిరుగు బస్సెక్కాను. బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని ముప్పావుగంట ఆలస్యమైంది. నేను లేక ఈపాటికి అందరూ చాపల మీద నుంచి లేచి పోయుంటారనుకుంటూ ఆటో దిగాను. వసారాలోంచి మాటలు గట్టిగానే వినిపిస్తున్నాయి. గుమాస్తాగారు చదివినట్టున్నారు, ఆయన ఒళ్ళో బైబిలు తెరిచి ఉంది. అరటి మార్కెట్లో పని చేసే ఒకావిడ ఆయన మాట ఒప్పుకోవడం లేదు. మిగతావాళ్ళు రెండు వైపులా చేరి వాదించుకుంటున్నారు. నేను వచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు. చెప్పులు విప్పి, చాప చివర కూర్చున్నాను.

కాసేపటికి ఎవరో నన్ను చూసి, "మీరేమంటారండి, టీచరుగారూ?" అని అడిగారు.

"నేనింకా వినలేదు. మొదటి నుంచీ చెప్పండి" అన్నాను.