పిల్లికి పావుకప్పు

మా పిల్లికి రోజుకి ఎంత పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి అన్న విషయం మీద నేనూ మా అత్తగారూ నాలుగు నెలలు పోట్లాడుకున్నాం. పిల్లి ఒక సాకు. ఆ ఇంట్లో ఎవరు ఎంత తినాలో చెప్పే అధికారం ఎవరిదన్నదే అసలు గొడవ. అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. తెలియనిది మా ఆయన ఒక్కరికే. తెలియకపోతేనే ఆయనకి సుఖం కాబట్టి ఆయన తెలుసుకోలేదు.

అప్పట్లో గుర్గావ్‌లో తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్ళం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నాది టెస్టింగ్, అంటే వేరేవాళ్ళు చేసినదాంట్లో తప్పులు పట్టడం. పొద్దున్న ఎనిమిదికి ఆఫీసు క్యాబ్ ఎక్కితే మళ్ళీ ఏడింటికి ఇల్లు. ఆఫీసులో ఒకమ్మాయి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతూ తన పిల్లిని మాకు అంటగట్టింది. మొదటి ఏడాది దాన్ని ముద్దు చేసి, మేం తిన్నదల్లా దానికీ పెట్టాం. మంచం ఎక్కలేనంత లావైంది. పశువుల డాక్టరు దాన్ని త్రాసు మీద పెట్టి, నా మొహం చూసి, "ఇలాగే పెడితే దీనికి షుగర్ వస్తుంది మేడమ్" అన్నాడు. రెండు పూటలా పావుకప్పు గింజలు, అదీ షాపులో కొన్న పిల్లి మేత సంచిలోవే. మధ్యలో ఏమీ వద్దు. పాలు, పెరుగు, అన్నం అసలే వద్దు.

ఎవరైనా చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషిని నేను. పాత రైస్ కుక్కర్‌తో వచ్చిన ప్లాస్టిక్ కప్పు తీసి, పావు దగ్గర గోళ్ళరంగుతో ఎర్రగీత గీశాను. కాగితం మీద వేళలు రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మొదటి వారం పిల్లి అరిచి అరిచి ఇల్లు పీకి పందిరేసింది. రెండో వారానికి దారికొచ్చింది.

అది దారికొచ్చిన నెలకి అత్తగారు భీమవరం నుంచి దిగారు. మామగారు పోయి అప్పటికి రెండేళ్ళు. ఆవిడకి షుగర్ బాగా ఎక్కువై, కాలివేలికి పుండు పడి, ఎన్నాళ్ళకీ మానలేదు. ఇక్కడ డాక్టరు చూసి, తిండి అదుపులో పెట్టకపోతే వేలు తీసెయ్యాల్సి వస్తుందని చెప్పాడు. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం, రాత్రి రెండు పుల్కాలు, పచ్చళ్ళు బంద్. ఆ మాటలు విన్నది మా ఆయన. అమలు చేసింది నేను. "నువ్వైతే గట్టిగా చెప్పగలవు" అన్నారు ఆయన. కన్నతల్లికి అన్నం వద్దని చెప్పే పాపం నా నెత్తిన పెట్టి, ఆయన హాయిగా పేపరు చదువుకున్నారు.

ఫ్రిజ్ మీద రెండో కాగితం వచ్చింది. వంటింటి అరలో కొత్త కుక్కర్ కప్పు, పాత కుక్కర్ కప్పు పక్కపక్కన చేరాయి. ఒకటి అత్తగారికి, ఒకటి పిల్లికి. ఇందులో అవమానం ఉందని నాకు ఆ రోజు తట్టలేదు. చూడ్డానికి శుభ్రంగా ఉందని సంతోషించాను.

ఆవిడ ఆ రెండు కప్పుల్నీ చూశారు.  రాత్రి కంచంలో పుల్కాలు చూసి, "ఏవమ్మా, మీ ఇంట్లో వారానికి ఏడూ శనివారాలేనా?" అన్నారు.

"డాక్టరు రాశాడు అత్తయ్యా."

"డాక్టరు రాస్తాడు. వాడింట్లో వాడేం తింటాడో ఎవడు చూడొచ్చాడు?"

మూడు పూటలా అన్నం తిని పెరిగిన మనిషి. పుల్కా ఆవిడకి తిండి కాదు, ఉపవాసం నాటి ఫలహారం. ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ నీళ్ళతో మింగేవారు, నాకు వినపడేలా. నేను ఆవిడ ఎదురుగా కూర్చుని కూర కలుపుకుని అన్నం తినేదాన్ని. నాకు షుగర్ లేదు కదా అనుకునేదాన్ని.

వచ్చిన మూడో వారంలో పిల్లి గొడవ మొదలైంది. ఆఫీసు నుంచి వచ్చేసరికి పిల్లి స్టీలు గిన్నె అంచున ఎండిపోయిన పెరుగు మెతుకులు కనిపించాయి.

"దీనికి పెరుగన్నం పెట్టారా?"

"పెట్టాను. పొద్దున్ననగా వేసిన నాలుగు గింజలతో సాయంత్రందాకా ఎలా ఉంటుంది? నోరులేని జీవం. కాళ్ళకి అడ్డంపడి ఏడుస్తోంది."

"ఏడవనీండి. దాని అలవాటు."

"ఏడిస్తే పెట్టకూడదని ఏ పుస్తకంలో ఉందమ్మా?"

ఫ్రిజ్ మీద కాగితం చూపించాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకోవడానికి కూడా లేవలేదు.

ఆ రోజు నుంచి ప్రతి సాయంత్రం గిన్నెలో మెతుకులే. మొదట ఒక పూట అన్నారు. తరవాత పదకొండింటికి ఒకసారి, మూడింటికి ఒకసారి అని తేలింది. నేను బియ్యం కొలిచి వండి వెళ్తే ఆవిడ నేను వెళ్ళాక ఇంకోసారి కుక్కర్ పెట్టేవారు, పిల్లి కోసమని. బియ్యం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేద్దామా అని కూడా ఆలోచించాను. ఆ మాట మా ఆయనతో అంటే, "పిల్లి గురించి అమ్మతో గొడవెందుకు? పోనీ పెట్టనీ" అన్నారు. కన్నతల్లి తిండి దగ్గరా నోరు విప్పరు, పిల్లి తిండి దగ్గరా విప్పరు. అలాంటి మనిషితో ఏం మాట్లాడతాం.

ఒకసారి నేను స్నానం చేస్తుంటే ఆవిడ ఫోన్లో వాళ్ళ చెల్లెలితో అంటున్న మాట గోడ అవతల నుంచి వినబడింది. "మా కోడలు పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదే. ఊరికే అనడం కాదు, నిజంగానే. కప్పుతో కొలుస్తుంది." ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం గిన్నెలు కడుగుతూ రెండు చట్లు పగలగొట్టాను. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. పైగా దుత్తలు నేను కొన్నవే.

అన్నిటికన్నా పెద్ద యుద్ధం ఆవకాయ రోజున జరిగింది. పిల్లి గిన్నెలో పెరుగు మెతుకుల పక్కన ఎర్రగా నూనె మరక. 

"పిల్లికి ఆవకాయ పెడతారా ఎవరైనా?"

ఆవిడ తొణకలేదు. "అడిగింది. పెట్టాను."

"పిల్లి ఆవకాయ అడిగిందా?"

"భీమవరం ఆవకాయ. ఎవరైనా అడుగుతారు."

నేను ఆ మాట నమ్మాను. అదే ఈ కథంతటిలోనూ నాకు సిగ్గనిపించే సంగతి. తప్పులు పట్టడానికి జీతం తీసుకునే మనిషిని, పిల్లి ఆవకాయ తిన్నదంటే నమ్మాను. ఎందుకంటే ఆవిడ గురించి ఎంత చెడ్డ మాటైనా నమ్మడానికి తయారుగా ఉన్నాను. నా మీద కసితో నోరులేని జీవానికి కారం పెట్టి చంపుతోందని ఆఫీసులో చెప్పుకున్నాను. వాళ్ళు అయ్యో అన్నారు. ఆ అయ్యోలు నాకు భలే రుచిగా ఉన్నాయి.

ఆ వారమే పిల్లిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అత్తగారి నేరం కాగితం మీద రాయించుకు రావాలని వెళ్ళాను. ఆయన తూచి, "వెరీ గుడ్, ఇంకా తగ్గింది. ఇలాగే చెయ్యండి" అన్నాడు.

"రోజుకి రెండుసార్లు పెరుగన్నం తింటోంది డాక్టర్."

ఆయన నవ్వాడు. "ఇది తింటే ఇలా తగ్గదు మేడమ్. ఎవరు చెప్పారు మీకు?"

రెండు రోజులకి అత్తగారి రక్తపరీక్ష కాగితం వచ్చింది. షుగర్ తగ్గలేదు. కాస్త పెరిగింది కూడా. డాక్టరు నన్ను చూసి, "చార్ట్ పాటిస్తున్నారా?" అన్నాడు. పాటిస్తున్నామని నేనే ఒట్టేసి చెప్పాను. అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుంటే చిన్నపిల్లకైనా తెలుస్తుంది. నాకు తెలియలేదు.

తెలిసింది జులైలో. ఆ రోజు వానకి రోడ్లన్నీ చెరువులై, ఆఫీసు వాళ్ళు మధ్యాహ్నమే క్యాబులు వేసి అందర్నీ ఇళ్ళకి పంపేశారు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. తొమ్మిది అంతస్తులూ ఎక్కి, తాళంచెవితో తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాను. వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపించింది. ఎవరితోనో బతిమాలుతున్నట్టు మాట్లాడుతున్నారు.

గుమ్మం పక్కనుంచి చూశాను. ఆవిడ నాకు వీపు పెట్టి, నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. కట్టు కట్టిన కాలు ఒక పక్కకి జరిపి ఉంది. ఒళ్ళో పిల్లి గిన్నె. ఎదురుగా మూరెడు దూరంలో పిల్లి. ఆవిడ పెరుగన్నం ముద్ద చేసి, పిల్లి మూతి దాకా చెయ్యి చాపారు.

"తింటావా?"

పిల్లి వాసన చూసి మొహం తిప్పుకుంది.

"తినవూ? సరే. నీ ఇష్టం."

ఆ ముద్ద తన నోట్లో పెట్టుకున్నారు. నమిలి, మింగి, ఇంకో ముద్ద చేశారు. మళ్ళీ చెయ్యి చాపారు. "తింటావా?" పిల్లి తల తిప్పుకుంది. "సరే. నీ ఇష్టం." ఆవకాయ ముక్క కొరుక్కుని ఆ ముద్దా తినేశారు. ప్రతి ముద్దా అంతే. ఒక్కటి కూడా అడక్కుండా తినలేదు. పిల్లికి పెట్టానని సాయంత్రం నాతో చెప్పే మాట అబద్ధం కాకూడదని.

నాకు వెంటనే జాలి కలగలేదు. కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, అది నిజం కాదు. మొదట నాకు కలిగింది దొరికారన్న సంతోషం. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడ్డంలేదనుకుంటుందట. అడుగు ముందుకేసి ఆ సామెత ఆవిడ మొహం మీద అందామని నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆవిడ గిన్నె వంచి అడుగున మిగిలిన మజ్జిగ తాగి, అంచుకంటిన మెతుకుల్ని వేలితో తీసుకోబోయి ఆగిపోయారు. వాటిని అలాగే వదిలేసి గిన్నెని పిల్లి చోట పెట్టారు. రోజూ సాయంత్రం నేను చూసి కేకలేసే మెతుకులు అవే.

చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చి, మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను. తడిసిన చెప్పుల్లో నీళ్ళు చల్లగా ఉన్నాయి. భర్త పోయిన మనిషి, కొడుకు ఇంట్లో, పిల్లి గిన్నెలో, పిల్లిని అడిగి తింటోంది. ఆ ఇంట్లో అన్నం విషయంలో ఆవిడ అడగగలిగింది దాన్నొక్కదాన్నే. నన్ను అడగలేదు. అడిగితే కాగితం చూపించేదాన్ని. అప్పుడు నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కాసేపయ్యాక తలుపు తట్టాను, అప్పుడే వచ్చినట్టు.

మర్నాడు పొద్దున్న ఒక మంచిపని చేద్దామనుకున్నాను. నా బుద్ధికి తోచిన మంచిపని. చెప్పులేసుకుంటూ, వీలైనంత మెత్తగా అన్నాను.

"అత్తయ్యా, పిల్లికి మూడింటికి పెరుగన్నం కాస్త ఎక్కువే కలపండి. పర్లేదు. ఆవకాయ కూడా వెయ్యండి."

ఆవిడ కాఫీ గ్లాసు కింద పెట్టారు. నన్ను చూశారు. పిల్లిని చూశారు. మళ్ళీ నన్ను చూశారు. నిన్న గుమ్మం దగ్గర వాన నీళ్ళ అడుగులు ఉండే ఉంటాయి. లేకపోయినా ఆవిడకి ఆ ఒక్క మాట చాలు. మెల్లగా లేచి, కుంటుకుంటూ వెళ్ళి పిల్లి గిన్నె తీసుకున్నారు. పీచుతో గీకి గీకి తోమారు. తుడిచి అరలో నా రెండు కప్పుల పక్కన బోర్లించారు.

"అక్కర్లేదమ్మా. దానికి నీ లెక్క ప్రకారమే పెట్టుకో."

వేళాకోళం చేశాననుకున్నారు. కాదు, నిజంగా అన్నాను అని చెప్పాలంటే చూశానని చెప్పాలి. అది చెప్పడానికి నాకు ధైర్యం లేదు. కింద క్యాబ్ హారన్ కొడుతోంది. వెళ్ళిపోయాను.

ఆ రోజు నుంచి ఆవిడ రెండో కుక్కర్ పెట్టలేదు. పుల్కాలు కూడా చప్పుడు లేకుండా మింగారు. నేను అన్నం ఎక్కువ వడ్డిస్తే కప్పులో ఎంత పడుతుందో అంత ఉంచి మిగతాది పక్కకి తీసేశారు. నాతో అవసరానికి మించి ఒక్క మాట లేదు. నెలకి షుగర్ దిగింది. వేలు మానింది. డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. మా ఆయన, "చూశావా, నీ చార్ట్ పనిచేసింది" అన్నారు. ఆయన్ని ఆ క్షణంలో తొమ్మిదో అంతస్తు నుంచి తోసెయ్యాలనిపించింది.

సెప్టెంబరులో ఆవిడ ఊరికి బయల్దేరారు. ఇంకా ఉండమని మా ఆయన ఒకసారి అన్నారు, నేను రెండుసార్లు అన్నాను. వినలేదు. ప్రయాణం రోజు తెల్లారే లేచి కుక్కర్ పెట్టాను. బియ్యం కప్పుతో కొలవలేదు, చేత్తో పోశాను. వేడి అన్నంలో గోరువెచ్చటి పాలు పోసి, పులవకుండా కాస్తే పెరుగు వేసి కలిపాను. ఉప్పు వేసి, పెద్ద స్టీలు డబ్బా నిండా కుక్కాను. పైన చిన్న డబ్బాలో ఆవకాయ.

నిజాముద్దీన్ స్టేషన్లో ఆవిడ సీట్లో కూర్చున్నాక, కిటికీ ఊచల దగ్గర నిలబడి డబ్బా చూపించి అన్నాను. "దారిలో తినండి అత్తయ్యా. ఆకలేసినప్పుడల్లా తినండి."

మా ఆయన లోపలికెళ్ళి డబ్బా అందించారు. ఆవిడ మూత తీసి చూశారు. ఆవకాయ కూడా చూశారు. మూతలు గట్టిగా బిగించి, డబ్బాలు మళ్ళీ కొడుకు చేతిలో పెట్టారు. మాట మాత్రం కిటికీలోంచి నాతో అన్నారు.

"ఇది తీసుకెళ్ళి పిల్లికి పెట్టమ్మా. ముందు తింటావా అని అడుగు."

ఆయన దిగగానే రైలు కదిలింది. మా ఆయన ప్లాట్‌ఫారం మీద కళ్ళు తుడుచుకుంటూ, "వెళ్ళే ముందు కూడా పిల్లి మీదే ధ్యాస, చూశావా" అన్నారు.

ట్యాక్సీలో డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. గుర్గావ్ వచ్చేదాకా వెచ్చగానే ఉంది.